పాలపండ్లు – పంచదార



“పండ్లున్నప్పుడు సెనగలు లేవు, సెనగలున్నప్పుడు పండ్లు లేవు” అను సామెతను మీరందఱు ఎఱుగుదురు. వయసు మీఱిన పిదప కలిమి వచ్చినవాని నిట్టూర్పు అది. అట్టి సామెత నేడు ఆరేండ్ల పసివానికిని చెల్లు కాలము వచ్చినది. మన బడులలో మధ్యాహ్నము వేడి యన్నము పెట్టుచున్నారు, పప్పు వడ్డించుచున్నారు, గ్రుడ్డు పెట్టుచున్నారు. పంక్తిలో కూర్చున్న పిల్లలలో కొందఱు మాత్రము ఆ యన్నమును ఒక దవడకే త్రోసికొని మెల్లగా మ్రింగుచుందురు. వారికి రెండవ దవడ నొప్పి. కొందఱికి రెండు దవడలును నొప్పియే.

ఈ పిల్లలు ఎట్టి యిండ్లనుండి వచ్చుచున్నారు? పూర్వము మన పల్లెలలో ఈ వ్యాధి యింతగా నుండెనా? ఉండనిచో ఎప్పుడు, ఏ దారిని వచ్చినది? ఈ ప్రశ్నలకు వైద్యుడొక్కడే సమాధానము చెప్పజాలడు, చరిత్రయు చెప్పవలసియున్నది. పిప్పిపంటికి చరిత్ర యేమని మీరు నవ్వవచ్చును. రాజుల విజయములు శిలలమీద వ్రాయబడినట్లే, జనుల తిండి, కూలి, సంత, దారి, నీరు – వీని మార్పులన్నియు వారి పిల్లల పండ్లమీద వ్రాయబడుచుండును. ఆ వ్రాతను చదువుటయే నేటి ప్రసంగము.

మొదట నా తప్పొకటి చెప్పుకొందును. నేను ఉపాధ్యాయుడుగా నున్న దినములలో, ఒక పల్లెబడిలో రెండవ తరగతి బాలుడొకడు నిత్యము గోడకు చెంప ఆనించి కూర్చుండెడివాడు. పద్యము చదువుమన్నచో నోరు తెఱచెడివాడు కాడు. వానిని సోమరి యని తలచితిని. పలుమార్లు నిలువబెట్టితిని, ఒకటి రెండు దెబ్బలును కొట్టితిని. ఒకనాడు వాని చెంప వాచి కన్ను మూసికొనిపోయెను. మిరపతోటలో కూలికి పోయిన తల్లిని పిలిపించితిమి. ఆమె వచ్చి, “రాత్రులు నిద్రపోతలేడు సారూ. పాలపన్నే గదా, ఊడిపోతది గదా అనుకున్న” అన్నది. వాడు గోడకు చెంప ఆనించుట గోడ చల్లదనము కొఱకని నాకప్పుడు తెలిసినది. పాలపన్ను ఊడిపోవునదే కదా యని నేనును అనుకొనువాడనే. ఆమె చదువుకొనలేదు, నేను చదువుకొంటిని. మా యిద్దఱి నడుమ నున్న ఆ భేదమువలన ఆ బాలునకు ఒరిగినదేమియు లేదు. పట్టణమునకు తీసికొనిపోయి ఆ పన్ను తీయించిన వారమునకు వాడు అదే పద్యమును తప్పు లేక చదివెను. ఆనాటినుండి ఈ విషయమును గూర్చి తెలిసికొనుచు వచ్చితిని.

నేను చెప్పునది జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతములను గూర్చి. 2016 అక్టోబరు 11వ తేదీని వేర్వేఱు జిల్లాలకు కేంద్రములగుటకు పూర్వము ఈ మూడు ఊళ్లును ఓరుగల్లు జిల్లాలోనివే. జనగామ తాలూకా యింకను పూర్వము నల్లగొండ జిల్లాలో నుండెడిది. జనగామ మెట్టసీమ, వానకై యెదురుచూచు నేల. మానుకోట చుట్టును లంబాడీల తండాలు పెక్కు కలవు. భూపాలపల్లి అడవిసీమ, కోయలు నివసించు నేల, బొగ్గుగనుల నేల. బ్రతుకుతీరులో ఈ మూడింటికిని భేదము కలదు. పసివారి పంటినొప్పి మాత్రము మూడింటను ఒక్కటే.

పంటివ్యాధి క్రొత్తది కాదు. సుశ్రుతసంహితలో దంతరోగములు ఎనిమిది చెప్పబడినవి. వానిలో ఒకటి క్రిమిదంతకము. నల్లబడి, రంధ్రము పడి, కదలుచు, కారణము కానరాకయే నొప్పి పెట్టునదని దాని లక్షణము. దంతధావనమును గూర్చి మన పూర్వులు ఎంతో శ్రద్ధగా వ్రాసిరి. పండ్లపుల్ల పండ్రెండంగుళముల పొడవు, చిటికెనవ్రేలి లావు గలిగి, కణుపులు లేనిదై యుండవలెనని సుశ్రుతుడు చెప్పెను. చేదుచెట్లలో వేపను, వగరుచెట్లలో చండ్రను, కారపు చెట్లలో కానుగను మేలైనవిగా నిర్ణయించెను.

ఇందులో మనము మఱచిన మాటయొకటి కలదు. పండ్లు తోముట రెండు పూటలని చరకుడు విధించెను. ఉదయమునను, భోజనానంతరమునను అని వాగ్భటుడు చెప్పెను. మనము ఉదయపు విధిని మాత్రము ఆచారముగా నిలుపుకొని, రెండవదానిని విడిచితిమి. పూర్వాచారమును పాటించుచున్నామని గర్వపడు మనము ఆ యాచారములో సగమునే పాటించుచున్నాము. ఆ విడిచిన సగమే నేటి వైద్యులు ప్రాధేయపడి చెప్పుచున్న సగము. రాత్రి నిద్రపోవునప్పుడు నోటిలో లాలాజలము తక్కువగా ఊరును. తీపి అంటుకొనిన పంటికి అప్పుడు రక్షణ యుండదు.

ఇక పంచదార సంగతి. చెఱకు రసమును కాచి పలుకులుగా పేర్చు విద్యను లోకమునకు నేర్పినది మన దేశమే. అలెగ్జాండరు సేనానియైన నియార్కసు, తేనెటీగలు లేకయే తేనె నిచ్చు రెల్లు ఈ దేశమున నున్నదని ఆశ్చర్యముతో చెప్పెను. 647లో చీనా చక్రవర్తి తాయ్‌త్సుంగు ఈ విద్య నేర్చుకొనుటకై మగధకు దూతలను పంపెను. సంస్కృతమున శర్కర యనగా మొదట ఇసుకరాయి, గులకరాయి. చెఱకు పలుకులు అట్లుండుటచే వానికా పేరు వచ్చినది. అదియే పారసీకమున షకరు, అరబ్బీలో సుక్కరు, ఇంగ్లీషున షుగరు అయ్యెను. మన వైద్యులు పంటిమీద గట్టిపడు గారకు దంతశర్కర యని పేరిడిరి. ఒక్క మాట పంటిగారకును పంచదారకును పేరగుట యాదృచ్ఛికమే యైనను, నాకు తఱచు జ్ఞప్తికి వచ్చుచుండును.

చిరకాలము తీపి దుర్లభ వస్తువు. మన ప్రాంతమున సామాన్యునకు బెల్లమే తెలియును, అదియు పండుగకో పెండ్లికో. మేడారము జాతరలో సమ్మక్క సారలమ్మలకు సమర్పించు బెల్లమును భక్తులు నేటికిని బంగారమనియే పిలుతురు. ఆ పేరు ఎట్లు వచ్చినను, తీపిని మన పెద్దలు ఎంత అపురూపముగా చూచిరో ఆ మాట చాటుచున్నది.

తీపి అపురూపమైన కాలమున పిప్పిపన్ను ధనవంతుల వ్యాధి. ఇంగ్లండులో ఎలిజబెత్తు రాణిని 1598లో చూచిన పాల్ హెంట్‌జ్నరు అను జర్మను యాత్రికుడు, ఆమె పండ్లు నల్లగా నున్నవనియు, చక్కెర మితిమీఱి తినుటచే ఆ దేశీయులకు ఈ లోపము కలుగుచున్నట్లు తోచుననియు వ్రాసెను. రాణి కొనగలిగినది కావున రాణి పండ్లు నల్లబడినవి. ఆమె రాజ్యములోని కూలివానికి చక్కెర కొను శక్తి లేకుండుటచే వాని పండ్లకు ఆ బాధ లేకపోయెను.

తరువాత రెండువందల సంవత్సరములలో, ఆఫ్రికానుండి బానిసలుగా కొనితేబడిన జనుల చెమటతో పశ్చిమ ద్వీపములందు చెఱకుతోటలు పెరిగినవి. చక్కెర ధర తగ్గెను. 1874లో ఇంగ్లండు చక్కెరపై సుంకమును పూర్తిగా ఎత్తివేసెను. కూలివాని యింట చక్కెర కలిపిన తేయాకు నీరును, రొట్టెమీద పండ్లపాకమును నిత్యాహారమయ్యెను. ఒక తరము గడచిన పిదప, 1899 నుండి 1902 వరకు జరిగిన బోయరు యుద్ధమునకు సైనికులను చేర్చుకొనబోగా, పండ్లు చెడిన యువకులు వేలకొలది బయటపడిరి. ఆ దేశ పాలకులు ఉలికిపడిరి. 1907లో బడిపిల్లలకు వైద్యపరీక్ష జరుపు శాసనము చేసిరి. రాణిగారి జబ్బు మూడువందల యేండ్లకు కూలివాని బిడ్డకు చేరినది.

మన ప్రాంతమున ఈ కథ ఎట్లు నడచినదో చూతము. ఇంగ్లండు చక్కెర సుంకమును ఎత్తివేసిన ఆ 1874లోనే వాడినుండి సికిందరాబాదునకు నిజాము రైలుదారి వచ్చినది. అది తూర్పుగా జనగామ, కాజీపేట, మానుకోటలమీదుగా సాగి 1889 నాటికి బెజవాడను చేరెను. రైలువచ్చిన చోట సరకు దిగును, సరకు దిగినచోట దుకాణము వెలయును. తేయాకు వర్తకుల ప్రోద్బలముతో 1903లో తేయాకు పన్ను శాసనమును పుట్టినది. ఆ పన్ను ధనముతో, తేయాకు నీరెఱుగని జనులకు దాని రుచి మరపుటకు పెక్కేండ్లు ప్రచారము జరిగెను, ఊరక పోసి త్రాగించుటయు జరిగెను. ఆ నీటితో చక్కెరయు జతగా వచ్చెను. 1937లో బోధను చెంత నిజాము చక్కెర ఫ్యాక్టరీ వెలసినది. దాని చుట్టు వెలసిన ఊరికి శక్కర్‌నగర్ అని పేరయ్యెను. 2015లో ఆ ఫ్యాక్టరీ మూతపడినది గాని, అది పుట్టిన నాటికి ఈ దేశమున చక్కెర అపురూపముగా నుండుట మానినది.

అయినను, రైలు వచ్చిన వెంటనే పల్లె బీదవాని నోటికి చక్కెర అందలేదు. జనగామ తాలూకా దొరల గడీల క్రింద వెట్టి చేసిన కుటుంబముల కథ మీ తండ్రులు చెప్పియే యుందురు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలియగుటకు దారితీసిన బ్రతుకు అది. ఆనాటి జీతగాని పిల్లవాడు తినినది జొన్నగటక, మక్కగటక, అంబలి, మిరపకాయ. అడవిసీమలో ఇప్పపువ్వు, తునికిపండ్లు, దుంపలు. చక్కెర లేదు కావున ఆ పిల్లవాని పంటికి నేటి యీ గండము అంతగా లేకుండెనని ఊహింపవచ్చును. ఆ కాలమును నేను పొగడుటలేదు. పన్ను గట్టిగా నుండి నమలుటకు లేక చచ్చిన పిల్లలను, బడి ముఖము చూడని పిల్లలను తలచుకొన్నచో ఎవ్వడును ఆ కాలమును కోరడు. నేను చెప్పునది ఒక్కటే. నాడు పేదరికము చక్కెరను పిల్లవానికి దూరముగా నుంచినది. నేడు అదే పేదరికము చక్కెరను వాని చేతికి తెచ్చి పెట్టుచున్నది. ఈ తలక్రిందులే నేటి వ్యాధికి మూలము.

ఎట్లనగా వినుడు. మిరపకాయ యేరు దినములలో మానుకోట తండాలలో తల్లి కోడికూతకు లేచి కూలికి పోవును. ఏడేండ్ల అక్క రెండేండ్ల తమ్ముని చూచుచుండును. తమ్ముడు ఏడ్చును. తల్లి కొంగుముడిలోనుండి ఇచ్చిపోయిన నాణెము ఉన్నది, ప్రక్కనే దుకాణమున్నది. ఆ నాణెమునకు పండు రాదు, పాలు రావు. చాక్లెట్టు వచ్చును, బిస్కత్తు వచ్చును, రంగునీళ్ల పొట్లము వచ్చును. తల్లికి ఆ నాణెము ప్రేమ, అక్కకు ఊరట, తమ్మునకు సంతోషము. జనగామ ప్రాంతమునుండి వలసపోయిన వారి పిల్లలు అవ్వతాతల చెంత పెరుగుచున్నారు. తల్లి దగ్గఱలేని బిడ్డకు ముద్దు తీర్చుటకు అవ్వకు తీపియే తోచును. గనులు వచ్చిన పిదప భూపాలపల్లిలో బజారు పెరిగినది, గూడెములకు పట్టణపు తినుబండారములు దగ్గఱైనవి. ఇందులో ఏ తల్లి తప్పును నాకు కానరాదు. మనము తల్లిని నిందింతుము. ఆమెకు తీరిక నీయని కూలిని, అయిదు రూపాయలకు అరటిపండు దొరకక అయిదు చాక్లెట్లు దొరకు అంగడిని నిందింపము.

ఆ అయిదు చాక్లెట్లు పంటిని ఎట్లు తినునో చెప్పుదును. పంటిలో పురుగున్నదను నమ్మకము లోకమంతటను నుండెడిది. వాకుడు గింజల పొగ పట్టించి, పురుగులు రాలినవని చూపు వైద్యము మన పల్లెలలో నుండెడిది. ఐరోపాలోను మఱియొక విత్తుల పొగతో ఇదే తంతు జరిగెడిది. రాలినవి గింజలలోని మొలకలే గాని పురుగులు కావు. 1728లో ఫ్రాన్సు వైద్యుడు పియరు ఫోషారు తాను పండ్లలో పురుగును చూడలేదని వ్రాసెను. 1890లో డబ్ల్యు. డి. మిల్లరు అను పండితుడు, నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను, పిండిపదార్థమును పులియబెట్టి ఆమ్లమును పుట్టించుననియు, ఆ ఆమ్లము పంటిని కరగించుననియు తేల్చెను. 1924లో క్లార్కు అను నాతడు ఆ జీవులలో ముఖ్యమైన దానిని గుర్తించెను. దానికి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అని పేరు. మన క్రిమిదంతకమను మాట యిట్లు మఱియొక యర్థమున సత్యమైనది. క్రిమి కలదు, కాని కంటికి కానరాదు, పొగకు రాలదు.

కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులిసిన మజ్జిగ పోసినచో ఏమగునో మీకు తెలియును. పంటి పైపొర శరీరమున నన్నిటికంటె గట్టిది, ఐనను పులుపునకు లొంగును. ఒకమారు తీపి తిన్నచో, అర్ధగంట మొదలు గంట వరకు ఆ పులుపు పంటిని కొఱుకుచుండును. పిదప లాలాజలము దానిని కడిగి, పోయిన సున్నపు సారమును మెల్లగా పూరించును. కావున ఎంత తీపి తింటిమను దానితోపాటు ఎన్నిమార్లు తింటిమనునదియు ముఖ్యము. భోజనముతో లడ్డు తిన్నవాని పంటికి ఒకమారు గండము. అయిదు చాక్లెట్లను ప్రొద్దుటినుండి ప్రొద్దుగూకువఱకు చప్పరించిన వానికి అయిదు గండములు. లాలాజలమునకు పూరించు వ్యవధియే లేదు. పాలసీసాలో చక్కెర కలిపి నిద్రపుచ్చు బిడ్డకు రాత్రియంతయు గండమే.

ఈ సంగతి స్వీడనులో వైపెహోల్ము అను ఆస్పత్రిలో 1945 తరువాత కొన్నేండ్లు జరిగిన పరిశోధనలో రూఢియైనది. అక్కడ బుద్ధిమాంద్యముగల రోగులకు అంటుకొను మిఠాయిలు పూటపూటకు నడుమ తినిపించి, పండ్లు చెడుట చూచిరి. తమకు జరుగునదేమో తెలియని నిస్సహాయుల నోళ్లు చెడగొట్టి సంపాదించిన జ్ఞానమది. దానిని వినియోగింపకుండుట వారికి రెండవమారు అన్యాయము చేయుటయే.

“పేదల పిల్లలకు పుట్టుకతోనే పండ్లు మెత్తన, మనమేమి చేయుదుము” అనువారు కలరు. వారికి ఆస్ట్రేలియాలో బౌరలు అను ఊరిలోని హోప్‌వుడ్ అను పిల్లల గృహము సమాధానము చెప్పుచున్నది. 1942లో వెలసిన ఆ గృహమున, తల్లిదండ్రులు పెంచలేని పిల్లలను చేర్చుకొని, చక్కెరయు తెల్లపిండియు లేకుండ, ముడి ధాన్యపు రొట్టె, కూరలు, పండ్లు, పాలు పెట్టి పెంచిరి. 1947 మొదలు పెక్కేండ్లు దంతవైద్యులు వారిని పరీక్షించిరి. ఆ పిల్లలు పండ్లు తోముకొనుటలో శ్రద్ధ గలవారు కారు. ఐనను తక్కిన బడిపిల్లలకంటె వారి పండ్లు ఎంతయో మేలుగా నుండెను. పెద్దవారై గృహము విడిచి బయటి తిండి తినసాగిన పిదప వారి పండ్లును అందఱి పండ్లవలెనే పుచ్చసాగెను. పిల్లలు వారే, పుట్టుక అదియే. పెంపకమును అంగడియు మాఱినవి, పండ్లు మాఱినవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున చక్కెర దొరకని నార్వే, జపాను దేశములలో పిల్లల పిప్పిపండ్లు తగ్గుటయు ఇట్టి సాక్ష్యమే.

మన దేశమున 2002–03లో జరిగిన జాతీయ దంతారోగ్య సర్వేలో అయిదేండ్ల పిల్లలలో నూటికి సుమారు 52 మందికిని, పండ్రెండేండ్లవారిలో నూటికి సుమారు 54 మందికిని పిప్పిపండ్లు కానవచ్చెను. బడిలో అడుగిడునాటికే సగము మందికి! లోకమంతటను పాలపండ్లు పుచ్చిన పిల్లలు 51 కోట్ల 40 లక్షల మంది యుందురని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించినది. ఈ భారము ధనికులకంటె పేదలమీదనే మిక్కుటముగా పడుచున్నదనియు చెప్పినది. కలవారి బిడ్డయు చాక్లెట్టు తినును. కాని వానికి ఫ్లోరైడు గల పేస్టు ఉన్నది, తోమించు తీరిక గల తల్లి యున్నది, చిన్న రంధ్రము కానరాగానే పూడ్పించు వైద్యుడున్నాడు. కూలివాని బిడ్డకు వైద్యుడనగా ఒక దినపు కూలి పోవుట, బస్సు చార్జి, పట్టణములో పడిగాపులు. కావున వాచువఱకు ఆగుట, వాచిన పిదప పీకించుట. ఒకే తీపి ఒకని నోట చిన్న మచ్చయై ఆగుచున్నది, మఱియొకని నోట చీముగడ్డ యగుచున్నది.

“ఊడిపోవు పన్నే గదా” అను మాటను ఇప్పుడు విచారింతము. ఆరవ నెల ప్రాంతమున మొదటి పాలపన్ను వచ్చును, మూడేండ్లు నిండునాటికి ఇరువది పండ్లు పూర్తియగును. ముందరి పండ్లు ఆరేడేండ్లకు ఊడుట నిజమే. నమలు దవడపండ్లు మాత్రము పది పండ్రెండేండ్ల వఱకు నుండవలసినవి. అనగా ప్రాథమిక పాఠశాల చదువంతయు వానితోనే గడవవలెను. అవి చెడినచో పిల్లవాడు నమలడు, నమలనివాడు తినడు, నిద్రపోడు, ఎదగడు, పాఠము వినడు. ముందుగా తీసివేసినచో ప్రక్కపండ్లు ఒరిగి, రావలసిన పంటికి చోటు చాలదు. మఱియొక రహస్యము: ఆరవ యేట, పాలపండ్ల వెనుక, ఏ పన్నును ఊడకయే ఒక పెద్ద దవడపన్ను వచ్చును. తల్లులు దానినిగూడ పాలపన్నే యనుకొందురు. అది నూఱేండ్లు ఉండవలసిన పన్ను. ఒకటవ తరగతిలోనే దానిని పోగొట్టుకొను పిల్లలు మనలో కలరు.

జనగామవారికి ప్రత్యేకముగా ఒక మాట. నల్లగొండను ఆనుకొనిన మెట్టనేలలలో కొన్ని గ్రామముల బోరునీటిలో ఫ్లోరైడు మితిమీఱి యున్నది. దానిచే పండ్లకు పసుపు, గోధుమ రంగు చారలు పడును. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి ఎముకలనుగూడ వంచునని వైద్యులు లోకమునకు వెల్లడించిరి. ఇది పిప్పిపన్ను కాదు, రెండును వేర్వేఱు. అదే ఫ్లోరైడు మితముగా నున్నచో పంటిని కాపాడును. అందుకే అమెరికాలో గ్రాండ్ రాపిడ్స్ నగరమువారు 1945లో త్రాగునీటిలో దానిని మితముగా కలుపసాగిరి. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ నదీజలములను త్రాగునట్టి పిల్లలకు చారలభయము తగ్గును, తీపిభయము మాత్రము తగ్గదు. మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత, అటుపైవానికి బఠానీగింజంత పేస్టు చాలును. ఉమ్మివేయుట నేర్పవలెను.

గ్రామపెద్దలైన మీరు చేయదగిన పనులను చెప్పి ముగింతును. బడి గేటు ఎదుట చాక్లెట్ల దుకాణమును కొంచెము దూరమునకు తొలగింపుమని చెప్పుటకు మీ మాట చాలును. ఆ దుకాణదారుడును పేదవాడే. వేయించిన పల్లీలు, ఉడికించిన సెనగలు, జామపండ్లు అమ్ముమని, మీరే మొదట కొని చూపుడు. పండుగనాడు పాయసము మానుమని నేను చెప్పను. తీపి భోజనముతో తినవలెను, పూటపూటకు నడుమ వలదు. రాత్రి పడుకొనుటకు ముందు పండ్లు తోమించి, పిదప నీరు తప్ప ఏమియు ఈయవలదు. ఇది క్రొత్త నాగరకత యని యెవరైన గొణిగినచో, చరకుడు చెప్పిన రెండవ పూట యని చెప్పుడు.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ప్రకారము వైద్యబృందము అంగన్‌వాడీకి ఏటికి రెండుమార్లును, బడికి ఒకమారును రావలసియున్నది. పండ్లను చూచుటయు వారి విధులలోనిదే. వారు వచ్చిన దినమున పంచాయతీ పెద్ద యొకడు ప్రక్కన నిలుచుండి, ఏ బిడ్డను పట్టణమునకు పంపుమన్నారో వ్రాసికొని, ఆ బిడ్డ పోయినదో లేదో కనుగొనవలెను. పిప్పిని ఆపు ఒక వెండి మందును 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది. నొప్పి లేకుండ పూయవచ్చును, వెల స్వల్పము. పూసినచోట పన్ను నల్లబడును, ఐనను నిలుచును. దానిని గూర్చి వైద్యుని అడుగుడు. ఉపాధ్యాయులకు ఒక్క మాట: చెంప గోడకు ఆనించిన బిడ్డను కొట్టుటకు ముందు, నోరు తెఱచి చూపుమని అడుగుడు. నేను అడుగలేదు.

పోతనకు పుట్టినిల్లుగా చెప్పుకొను బమ్మెర జనగామ సీమలోనిదే. సోమనాథుని పాలకుర్తియు అక్కడిదే. అట్టి నేలపై పుట్టిన బిడ్డ పద్యము చదువుటకు నోరు తెఱవజాలకుండుట మనకు తగునా? సెనగలు లేని కాలమును మన పెద్దలు దాటించిరి. ఇప్పుడు సెనగలున్నవి. పండ్లను నిలుపుట మన పాలికి వచ్చిన పని.